విరగాల్సిన విల్లు

మా చిన్నప్పుడు ఓ ఎండాకాలం ముందర... మా వాకిలి నిండా కర్రలే. చింత, పనస, సరుగుడు, జీడిమామిడి, వెదురు... వాటి మధ్య కూర్చుని మా నాన్న, మా మావ రోజూ తగువే. కొట్టుకోవడం ఒక్కటే తక్కువ.

మాది ఉద్దానంలో, సముద్రం ఒడ్డున చేపలవేట మీద బతికే ఊరు. శ్రీరామనవమికి సీతాకల్యాణం నాటకం ఆడేవాళ్ళు. నాన్నది రాముడి వేషం. మావ, అంటే మా అమ్మకి అన్న, రావణుడు. ఊళ్ళో పడవలు కట్టేదీ మావే. అందుకని శివుడి విల్లు చేసే పని కూడా ఆయన మీదే పడేది.

కథ మీకు తెలిసిందే... ఆ విల్లుని రావణుడు ఎత్తలేకపోవాలి. రాముడు ఎక్కుపెట్టబోతే ఫెళ్ళున విరగాలి. కానీ అంతకు ముందు ఏడు ఏమైందంటే... మావ ఎత్తలేనట్టు మూలుగుతూ, నటన కాస్త ఎక్కువై గట్టిగా గుంజాడు. విల్లు ఆయన చేతిలోనే రెండు ముక్కలైంది! జనం ఒకటే నవ్వు. "సీతమ్మని లంకకి పంపించీయండ్రా!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. తెర పక్కన రాముడి వేషంలో ఉన్న నాన్నకి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మళ్ళీ ఇలా నవ్వులపాలైతే రాముడి వేషం ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు ఊరిపెద్దలు. నాన్నకి ఆ వేషమంటే ప్రాణం. వల లాగుతూ కూడా పద్యాలు పాడుకునే మనిషి. అందుకే ఈ కర్రల గొడవంతా.

"జీడిమామిడి కర్ర ఎయ్యి బావా. పుటుక్కుమని ఇరిగిపోద్ది," అనేవాడు నాన్న.

"మల్లీ నా సేతిలో ఇరిగిపోతే? నన్నే నవ్వుతారు గదేటి! సింతకర్ర ఎయ్యాల. బరువుండాల," అనేవాడు మావ.

"సింతకర్రని నాను ఇరగ్గొట్టగల్నేటి?"

చేపలు కడుగుతున్న అమ్మ విని విని విసిగిపోయింది. "అది ఇరగాల్నా, ఇరక్కూడదా? ముందు అది తేల్సుకోండి. తరవాత కర్ర ఏరుకుందురు," అంది.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ళకీ తెలియదని అప్పుడు నాకు అర్థమైంది. నాకైతే బుర్ర తిరిగిపోయింది.

చివరికి మావే ఓ దారి చెప్పాడు. ఒక్క కర్రతో కాదు, పలకలు పలకలుగా అతికిద్దామని. బరువు కోసం రెండు కొసల్లో చింత, విరగడం కోసం నడిమిన జీడిమామిడి, వంగడం కోసం పైన సన్నటి వెదురు బద్ద. పలాసలో కొన్న తెల్ల బంక రాసి, తాళ్ళతో బిగించి, పాకలో నీడన ఆరబెట్టాడు. నిలబెడితే నాన్న కంటే ఎత్తుంది. నేను ఎత్తబోతే కదల్లేదు.

బాణాల దగ్గర మాత్రం తగువు లేదు. సన్న వెదురు ఏరి, నిప్పుల సెగ చూపించి వంకర తీసేవాళ్ళు. ఎవరికైనా తగిలినా దెబ్బ ఉండకూడదని మొనకి ఇనుము బదులు జీడిపిక్క. నేనూ సాయం చేద్దామని పచ్చి పిక్క గుచ్చబోతే, దాని జీడి రసం అంటుకుని వేళ్ళన్నీ పొక్కిపోయాయి. అమ్మ కొబ్బరినూనె రాస్తూ నాన్ననీ మావనీ కలిపి తిట్టింది.

నవమి ముందు రోజు పాకలోకి వెళ్ళాను. మావ విల్లుని ఒళ్ళో పెట్టుకుని, సరిగ్గా విరగాల్సిన చోట వలదారం చుడుతున్నాడు. వరస తప్పకుండా, బిగించి బిగించి.

"ఏటి మావా, అక్కడ సుడతన్నావు?"

ఆయన చెయ్యి ఆగింది. విల్లునీ నన్నూ మార్చి మార్చి చూశాడు. "అతుకు వదులుగా ఒగ్గేత్తే నాకు నిద్దర పట్టదమ్మా. అతుకు నమ్ముకునే గదా మనుసులు సముద్రంలోకి ఎల్తారు," అన్నాడు. మళ్ళీ చుట్టడం మొదలుపెట్టాడు.

ఇది పడవ కాదు కదా... అనుకున్నాను. ఏమో, పెద్దవాళ్ళ సంగతి మనకేం తెలుసు.

నాటకం రోజు పొద్దు వాలే వేళకే జనం నిండిపోయారు. టెక్కలి నుంచి అద్దెకి తెచ్చిన కిరీటం నాన్న తలకి వదులైంది. మావ విల్లెత్తబోయి, ఎత్తలేక వెల్లకిలా పడ్డాడు. చప్పట్లే చప్పట్లు. తర్వాత నాన్న వచ్చాడు.

ఎత్తాడు. నారి పట్టి లాగాడు. విల్లు వంగింది... ఇంకా వంగింది... విరగలేదు. మోకాలు పెట్టి నొక్కాడు. కిరీటం కంటి మీదికి జారింది. మీసం గీయించుకుని సీతమ్మ వేషం కట్టిన మా పక్కింటి చిన్నాన్న, బరువైన దండని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటున్నాడు. వెనక నవ్వులు మొదలయ్యాయి. నాన్న మెడ మీద నరాలు ఉబ్బాయి. నాకు ఏడుపు వచ్చేసింది.

అప్పుడు రావణుడి వేషంలోనే మావ లేచి నాన్న దగ్గరకి వచ్చాడు. "ఆపీ బావా. అది ఇరగదు. ఇరిగేది సెయ్యడం నా సేతులకి రాదు," అన్నాడు అందరికీ వినపడేలా.

నవ్వులు ఆగిపోయాయి. ముందు వరసలో ఓ ముసలాయన లేచాడు. "అవున్రా! ఆడు కట్టిన పడవ మీదే నా కొడుకులు ఏటకెల్తన్నారు. ఆడు సేసింది ఇరక్కూడదు. నువ్వు దండ ఎయ్యమ్మా సీతమ్మా!" అన్నాడు. ఇక జనమంతా లేచి ఒకటే అరుపు... దండ ఎయ్యి, దండ ఎయ్యి అని. విరగని విల్లు చేత్తో పట్టుకునే మా నాన్న పెళ్ళికొడుకయ్యాడు.

మర్నాడు పెద్దలు అన్నంత పనీ చేశారు. రాముడి వేషం వేరేవాళ్ళకి వెళ్ళిపోయింది. నాన్న మళ్ళీ ఎప్పుడూ ముఖానికి రంగు వేసుకోలేదు. కానీ ఆ ఎండాకాలమే మావ చేత కొత్త పడవ కట్టించుకున్నాడు!

మావ మీద కోపం లేదా నాన్నా అని ఓసారి అడిగాను. "ఏటోనమ్మా... కోపం రావాల. రాలేదు," అన్నాడు.

ఇప్పుడు మా ఊరి నాటకానికి థర్మకోల్ విల్లు పలాస నుంచి ఆటోలో వస్తోంది. బంగారు రంగు వేసి ఉంటుంది, వేలితో నొక్కినా విరుగుతుంది. ఫెళ్ళుమనే చప్పుడు స్పీకర్లోంచి వస్తుంది. ఈ ఏడు వెళ్ళి చూశాను. అంతా సజావుగా జరిగింది. ఎవరూ నవ్వలేదు... ఎవరూ లేచి నిలబడలేదు కూడా.

ఆ రోజు నాన్న గెలిచాడా, ఓడిపోయాడా... ఇన్నేళ్ళు తలుచుకున్నా నాకు తేలడం లేదు. మీ ఊళ్ళో కూడా ఇలా గాడి తప్పిన నాటకం ఏదైనా ఉంటే రాయండి. నాకైతే, సరిగ్గా జరిగిన ఒక్క కల్యాణం కూడా గుర్తు లేదు.