మజ్జిగలో మునిగిన నా రాజ్యాంగం పాఠం

ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదంటే, నాకు రాయడం రాదు కాబట్టి. తిరువూరు బస్టాండు పక్కన మా కిరాణా కొట్లో జీవితమంతా కూర్చున్నాను గానీ, సంతకం అడిగితే బొటనవేలు చాపేదాన్ని. అరవై దాటాక అక్షరాలు వచ్చాయి. అప్పుడు సిగ్గు అడ్డొచ్చింది. ఇవాళ ఆ సిగ్గుని కాసేపు కొట్లో కూర్చోబెట్టి వచ్చాను. వినండి, ఒక ముసలమ్మ దేశ రాజ్యాంగాన్ని గ్లాసెడు మజ్జిగలో ఎలా ముంచిందో.

నాకు అక్షరాలు నేర్పింది సునీత. మా కొట్లో పప్పులు బాగుచేసే రత్నం కూతురు, ఇంటర్ చదువుతోంది. సబ్బు పెట్టెల మీదా టీపొడి ప్యాకెట్ల మీదా వేలు పెట్టించి చదివించేది. "మామ్మగారూ, బొమ్మ చూసి చెప్పకండి, అక్షరం చూసి చెప్పండి" అని గదమాయించేది. చదవడం వచ్చాక తన పాత బడి పుస్తకంలో రాజ్యాంగం పాఠం తీసి చేతిలో పెట్టింది. ఇక నేను ఆగుతానా? కొత్తగా సైకిల్ నేర్చినవాడు కనబడిన ప్రతివాణ్ణీ వెనక ఎక్కించుకున్నట్టు, వేసవి సెలవుల్లో వీధి పిల్లలందర్నీ మా వసారాలో కూర్చోబెట్టాను. తన శిష్యురాలి ప్రతాపం చూడ్డానికి సునీత కూడా వచ్చింది.

కళ్ళజోడు ముక్కు చివరికి లాక్కుని మొదలుపెట్టాను. "చట్టం ముందు అందరూ సమానమే. పదిహేడో అధికరణం ఏమంటోంది? అంటరానితనం రద్దు! పాటిస్తే నేరం!"

"మా ఇంట్లో అన్నయ్యకే పెద్ద లడ్డూ ఇస్తారు మామ్మా. అదీ నేరమేనా?" అంది ఒక పిల్ల.

"అది వేరే అధికరణంలే" అన్నాను, ఏదో గుర్తురాక.

సునీత చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు ఇంకా ఊపొచ్చింది. "మనుషుల మధ్య తేడా ఎక్కడున్నా సరే, కనిపెట్టి చెప్పినవాళ్ళకి బిస్కెట్ ప్యాకెట్!" అని ప్రకటించి, మజ్జిగ తేవడానికి లోపలికి వెళ్ళాను.

మజ్జిగ పంచి ఇంకా కూర్చోనేలేదు, ఎదురింటి బంటిగాడు ఎగిరి గంతేశాడు.

"మామ్మా, దొరికింది! బిస్కెట్లు నాకే!"

"ఏం దొరికిందిరా?"

"సునీతక్క గ్లాసు! మా అందరికీ పళ్ళెంలో తెచ్చిన మీ ఇంటి గ్లాసులిచ్చావు. అక్కకి మాత్రం పెరటి గోడ మీది సొట్ట గ్లాసు తెచ్చావు. రత్నమ్మత్త తాగేది!"

ఆ గ్లాసు రత్నం పనిలో చేరిన నాటి నుంచీ గోడ మీదే ఉంది. తను తాగుతుంది, కడుగుతుంది, బోర్లిస్తుంది. తనూ అడగలేదు, నేనూ ఆలోచించలేదు. నా నోరు రాజ్యాంగం చదువుతుంటే, నా చెయ్యి వెనకనుంచి పాత చట్టం అమలు చేసేసింది.

సునీత తాగలేదు. లేచి మజ్జిగని కరివేపాకు మొక్క మొదట్లో పోసింది. గ్లాసు కడిగి, వాళ్ళమ్మలాగే గోడ మీద బోర్లించింది.

"వాడికి బిస్కెట్లిచ్చెయ్యండి మామ్మగారూ. సరిగ్గానే చెప్పాడు" అని వెళ్ళిపోయింది.

ఇచ్చాను. ఇంకేం చేస్తాను?

మర్నాడు పొద్దున్నే ఆ గ్లాసు తెచ్చి, ఏది ఏదో తెలియకూడదని, మా గ్లాసుల్లో కలిపేశాను. సొట్ట వల్ల తెలుస్తూనే ఉంది. ఆ తర్వాత వాళ్ళింటికి నడిచాను. రత్నం కంగారుగా పక్కింట్లోంచి కుర్చీ తెచ్చి వేసింది, మళ్ళీ పరుగెత్తి సీలు తియ్యని కూల్‌డ్రింకు సీసా కొనుక్కొచ్చింది.

"ఇదెందుకే? మంచినీళ్ళివ్వు, చాలు."

"మీరు మా ఇంట్లో తాగరు కదమ్మగారూ..." అంటూ రత్నం కూతురి వైపు చూసింది.

సునీత గుమ్మంలోంచి కదల్లేదు. "ఇవ్వకమ్మా. తాగి వెళ్ళి, తాగానని ఊరంతా చెప్పుకుంటారు."

నీళ్ళు దొరకలేదు. ఊరికి మాత్రం చెప్పేస్తున్నాను, చూశారుగా.

అక్కడే, అరువు కుర్చీలో, సీసా పట్టుకుని రాజ్యాంగం సాక్షిగా ప్రమాణం చేశాను: తప్పు కనిపెట్టినవాళ్ళకి బిస్కెట్లిస్తానని జన్మలో అనను, పెరటి గోడ చూసుకోకుండా పాఠం మొదలుపెట్టను. తర్వాత ఆ కూల్‌డ్రింకు మొత్తం తాగాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"గ్యాసు ఎక్కువుందే" అన్నాను రత్నంతో.