నాంచారమ్మకు పడిన మూడు రోజుల శిక్ష

మా పక్కింటి నాంచారమ్మకు శిక్షణ అనే మాట నోరు తిరగదు. "రేపట్నించి నాకు మూడ్రోజులు శిక్ష వదినా" అంటుంది. ఇది నాలుగోసారి. ముందు మూడుసార్లూ ఎవరెవరో సంస్థలవాళ్ళు మా కోడూరు వచ్చి, చిన్న వ్యాపారం ఎలా చెయ్యాలో చెప్పి, తలా ఒక కాగితం ఇచ్చి వెళ్ళారు. ఆ కాగితాలు బియ్యం డబ్బా కింద పరుచుకుంది.

పెళ్ళయిన ఏడాది నుంచి ఎండుచేపలు అమ్ముతున్న మనిషి. పచ్చి నెత్తళ్ళు కొని, ఇంటి ముందు పాత వల పరిచి ఎండబెట్టి, అవనిగడ్డ బస్సెక్కుతుంది. సాయంత్రానికి గంప ఖాళీ. ఏ ఇంట్లో ఎవరికి ఉప్పు పడదో కూడా తెలుసు. అలాంటిదాన్ని కూర్చోబెట్టి "మీ కస్టమర్ ఎవరు?" అని అడిగితే ఏం చెబుతుంది?

"మరి ఎందుకు వెళ్తున్నావు?" అన్నాను.

"టార్పాలిన్ ఇస్తారంట. మూడ్రోజులూ సంతకాలు పెట్టినోళ్ళకే. పోయిన వానకి గంపెడు చేపలు పురుగు పట్టిపోలా?"

చేపల దగ్గర కాకుల్ని తోలడం నా వంతు. మా ఆయన పోయాక నాకు మధ్యాహ్నాలు గడవవు. కర్ర పట్టుకుని అరుగు మీద కూర్చునేదాన్ని.

మొదటి రోజంతా పేర్లు చెప్పుకోవడంతోనే సరిపోయిందట. రెండో రోజు బెలూన్లు ఊదించారట. "పళ్ళు లేని లక్ష్మమ్మ పిన్ని చేత కూడా ఊదించారు వదినా. వ్యాపారం అలా పెరగాలంట. అది టప్పున పేలితే ఆ సారే ముందు ఉలిక్కిపడ్డాడు."

మూడో రోజు మూడు గంటలకు సముద్రం వైపు నల్లగా కమ్మింది. నేను సగం చేపలు కూడా ఎత్తలేకపోయాను. చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని శిక్షణ జరిగే హాలుకు పరుగెత్తాను. లోపల హరిబాబు గారు, పాఠం చెప్పే ఆయన, నష్టం వచ్చే ముందు జాగ్రత్త ఎలా పడాలో బోర్డు మీద రాస్తున్నారు. బల్ల మీద టార్పాలిన్లు మడతలు విప్పకుండా దొంతరగా ఉన్నాయి.

"నాంచారీ, వాన" అన్నాను గుమ్మంలోంచి.

ఆవిడ లేచింది.

"ఇంకో అరగంటేనమ్మా. సంతకం, ఫోటో అయ్యాక వెళ్దురుగాని" అన్నారాయన.

"అరగంటకి చేపలుండవండీ."

"మధ్యలో వెళ్తే రూల్ ఒప్పుకోదమ్మా."

నాంచారమ్మ ఆయన్నీ బల్లనీ చూసింది. పైనున్న టార్పాలిన్ చంకలో పెట్టుకుంది. "సంతకం వచ్చి పెడతానండీ" అని బయటికి నడిచింది. ఆయన నోరు తెరిచేలోపు మేం వీధి మలుపు తిరిగాం.

చెరో కొసా పట్టుకుని కప్పి, అంచుల మీద ఇటుకలు పెట్టేసరికి వాన దంచేసింది. నేను ఎత్తలేని చేపలు దక్కాయి.

వాన తగ్గాక హరిబాబు గారు గొడుగేసుకుని, రిజిస్టరు సంచిలో దాచుకుని వచ్చారు. సంతకానికే కదా అనుకున్నాను. కాదట. మూడో రోజు పూర్తి కాలేదు కాబట్టి, వచ్చే నెల బందరులో ఇంకో బ్యాచ్‌లో మొదటి రోజు నుంచీ కూర్చోవాలట. అప్పటిదాకా టార్పాలిన్ వెనక్కి ఇచ్చెయ్యాలట.

నాంచారమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంది.

"శిక్షకి మళ్ళీ వస్తాలెండి. టార్పాలిన్ కావాలంటే ఆ ఇటుకలు తీసి పట్టుకెళ్ళండి. కింద చేపలు తడవకుండా మటుకు మీరే చూసుకోవాలి."

ఆయన ఆకాశం వైపు చూశారు. మళ్ళీ చినుకు మొదలైంది. ఇటుక ముట్టుకోకుండానే వెళ్ళిపోయారు.