మునసబు లేని తొమ్మిది నెలలు

పెద్దారవీడు దగ్గర మా ఊళ్లో మునసబు చనిపోయిన ఏడాదే నీరుగంటి ఇస్సాకు కూడా జ్వరంతో పోయాడు. చెరువు నీళ్లను వంతులవారీగా పొలాలకు పంచడం అతని పని. మునసబు పదవి నాదంటే నాదని చనిపోయినాయన తమ్ముడూ, దత్తపుత్రుడూ మార్కాపురం కచేరీ చుట్టూ తిరుగుతున్నారు. ఆ ఏడు చెరువు సగమే నిండింది. తూము ఎత్తమని చెప్పేవాడు లేడు, ఎత్తేవాడూ లేడు.

వరి నాట్లు వాడిపోతుంటే ఇస్సాకు భార్య ఎలీషబా మొగుడి పార భుజాన వేసుకుని గట్టెక్కింది.

"పదకొండేండ్లు ఆయన వెంట తిరిగినా. ఎవురి మడికి ఎంతసేపో నాకు తెలుసు," అంది.

ముందు చివరి మడులకే నీళ్లు వదిలింది. తూము పక్కనే పొలమున్న వెంకటసుబ్బయ్య మూడో రోజే కాలవకు గండి కొట్టడం మొదలుపెట్టాడు. ఎలీషబా వచ్చి ఆ గండిలోనే కూర్చుంది.

"లెయ్, ఏంది నీ పెత్తనం?"

"నీ వంతు శుక్రవారం సామీ. ఆ పొద్దు నేనే వచ్చి మడి నింపుతా. ఈ పొద్దు మాత్రం నేను లెయ్యను."

ఆయన పార తీసుకుని వెళ్లిపోయాడు. శుక్రవారం తెల్లారేసరికి ఆయన మడి నిండా నీళ్లున్నాయి.

ఆడమనిషి తూము ఎత్తడం కరణానికి నచ్చలేదు. 'గ్రామంలో అరాచకం ప్రబలింది' అని తహసీల్దారుకు అర్జీ రాశాడు. ఆ మాట విని ఎలీషబా మిషన్ బడికి వచ్చింది. అక్కడి పంతులు సత్యానందం మా నాయన.

"అరాచకమంటే ఏందన్నా?"

"రాజు లేకపోవడం తల్లీ. ఒక రాజు పోయి ఇంకో రాజు వచ్చేదాకా ఉండే సందు. ఆ సందులో దొంగలు పడతారని జనానికి భయం. అందుకే యాడ రచ్చ జరిగినా ఆ మాటే అంటుండారు."

"రాజు లేడనేది నిజమే గదన్నా. రచ్చ యాడుంది?"

కోతల ముందు తహసీల్దారు వచ్చాడు. "తూము ఎత్తమని నీకెవరు చెప్పారు?" అని గద్దించాడు.

"ఎవురూ చెప్పలేదు సామీ. చెప్పేవాళ్లు వచ్చేదాకా వరి ఆగదు గదా."

ఆయన ఆయకట్టంతా నడిచాడు. అన్నిటికన్నా చివర నరసమ్మ అరెకరంలో కూడా వెన్నులు బరువుతో వంగి ఉన్నాయి. నరసమ్మకు వెనకాముందూ ఎవరూ లేరు. తహసీల్దారు అర్జీని కరణం చేతికే తిరిగి ఇచ్చాడు.

"అరాచకం అన్న మాట కొట్టేయండి. మునసబు లేడు అని రాయండి, చాలు."

తర్వాత దత్తపుత్రుడు మునసబయ్యాడు. తన మనిషిని నీరుగంటిగా పెడతానన్నాడు. "ఆమెనే ఉండనియ్యి," అని అందరికన్నా ముందు అన్నది వెంకటసుబ్బయ్యే. ఎలీషబా ఇంకో పద్నాలుగేళ్లు ఆ పని చేసింది. చివర్లో మోకాళ్లు పట్టేస్తే కూతురు మార్తమ్మ చెయ్యి పట్టుకుని గట్టెక్కేది.