అవ్వ చూపించిన ధర్మవరం

పెనుకొండ బస్టాండు దగ్గర గంపల్లో సీతాఫలాల వాసన తగిలితే చాలు, నా చూపు కొండ మీదికి పోతుంది. మొన్న బంధువుల ఇంటి నుంచి వస్తూ కారు ఆపించి, మోకాళ్లను తిట్టుకుంటూ, నా కూతురు స్వాతితో కలిసి నలభై ఏళ్ల తర్వాత ఆ కొండెక్కాను.

మా చిన్నతనంలో శ్రావణ శనివారాలన్నీ కొండమీది నరసింహస్వామివే. అవ్వ, అంటే మా నాయన తల్లి, తెల్లవారకముందే ఓళిగలు, అవే బొబ్బట్లు, కాల్చి, నిమ్మకాయ చిత్రాన్నం కలిపి మూట కట్టేది. దారి పొడవునా తంగేడు పూలు, బండల సందుల్లో తడిగడ్డి వాసన, కోతులకు భయపడి మూటను కొంగు కింద దాచుకుని నడిచే అవ్వ, ఆమెకంటే ముందే పైకెక్కి చింతపిక్కలాటకు నున్నటి బండ వెతుక్కునే మేము. ఒక ఏడు మాత్రం, దర్శనమూ తిండీ అయ్యాక అవ్వ నన్నొక్కదాన్నే కోటగోడ దగ్గరికి తీసుకుపోయేది. ఆ ఏడు మా అమ్మ ధర్మవరంలో పట్టుచీరల మగ్గం పనికి పోయిందని ఇంట్లో చెప్పారు.

"అదో, ఆడ మెరుస్తాండాదే, అదే ధర్మవరం. మీయమ్మ ఆడుండాది. చెయ్యూపు," అనేది అవ్వ.

ఎండకు తళతళలాడే చెరువు, దాని అవతల మసక తప్ప ఏమీ ఆనేది కాదు. అయినా చెయ్యి నొప్పెట్టేదాకా ఊపేదాన్ని. మా కొండ మీంచి ధర్మవరం కనిపిస్తుందని బడిలో గొప్పలు పోయి, కాదన్న పిల్లలతో మాటలు మానేసేదాన్ని. మరుసటి ఏడు అమ్మ చిక్కి పుల్లలా తిరిగొచ్చింది. మగ్గం పని అలాంటిది కాబోలు అనుకున్నాను. ఆ తర్వాత నాయనకు అనంతపురంలో ఉద్యోగమొచ్చి ఊరు వదిలేశాం.

మొన్న అదే గోడ దగ్గర నిలబడి చూస్తే, హైవే మీద లారీలు, కొత్త కార్లను మోసుకుపోయే పెద్ద బండ్లు. వాటికి అవతల వేలు చూపించి, అదే ధర్మవరమని స్వాతికి చెప్పాను. అది ఫోన్లో మ్యాపు తీసింది.

"అటు హిందూపురం కదమ్మా. ధర్మవరం మన వీపు వెనకుంది."

నీ ఫోనుకు పిచ్చి పట్టిందన్నాను. అంతలో చూస్తే పొద్దు నా కుడిచేతి వైపు వాలుతోంది. అంటే నేను దక్షిణానికి తిరిగి ఉన్నాను. అక్కడినుంచే అమ్మకు ఫోన్ చేసి, ఆ ఏడు ధర్మవరంలో ఎక్కడున్నావని అడిగాను.

"ధర్మవరం నేనెప్పుడు పోతిని పాపా? ఆ ఏడంతా హిందూపురం ఆస్పత్రిలో ఉంటి. టీబీ. బతుకుతానని ఎవురికీ నమ్మకం లేకపోయె. తెలిస్తే ఊర్లో మనల్ని బాయి కాడికి రానియ్యరని, మగ్గం పనికి పోయిందని మీ అవ్వ అందరికీ చెప్పె."

గోడకు ఆనుకుని కూర్చున్నాను. బతుకుతుందో లేదో తెలియని మనిషికి నేను నవ్వుతూ చెయ్యూపాను. అవ్వ ఊరందరితోపాటు నాకూ అబద్ధమే చెప్పింది, కానీ నన్ను నిలబెట్టింది మాత్రం అమ్మ ఉన్న వైపే. ఎందుకు చెప్పలేదని పోట్లాడదామంటే అవ్వ లేదు, ఆమె భయపడ్డ ఆ బావీ పూడిపోయింది.

"నేను చెయ్యూపేదాన్నని నీకు తెలుసా అమ్మా?" అన్నాను.

"మీ అవ్వ వచ్చినప్పుడల్లా చెప్పేది. ఆడినుంచి నాకు కొండ కనపడేది కాదు. అయినా శనివారమొస్తే లేసి, మీ పక్కకు తిరిగి కూర్చుంటాంటి."