నాన్న ఆపిన అద్దం

ఆ రోజుల్లో మా ఇంట్లో ఏ వస్తువూ పాడయ్యేది కాదు. పాడైందని ఒప్పుకునే మనిషి లేకపోవడమే అందుకు కారణం. ఫ్యాను కిర్రుకిర్రుమంటే "దాని స్వభావమే అంత" అనేవారు నాన్న. మిక్సీ మూత పట్టు సడలితే దానిమీద ఇస్త్రీపెట్టె బరువు పెట్టి పచ్చడి రుబ్బించారు (ఆ పచ్చడిలో కొంత ఇప్పటికీ మా వంటింటి గోడ మీద ఉంది). ఆయన హైస్కూల్లో సైన్సు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ప్రతి వస్తువు వెనకా ఒక సూత్రం ఉంటుందనీ, ఆ సూత్రం అర్థం చేసుకుంటే ఆ వస్తువుతో ఇంకొన్నాళ్లు సర్దుకుపోవచ్చనీ ఆయన గట్టి నమ్మకం. ఆ నమ్మకంతో ఇంట్లో మేమంతా సర్దుకుపోయాం. కారు ముందు అద్దం మాత్రం సర్దుకుపోలేదు.

నేనప్పుడే పశువుల డాక్టరుగా ఉద్యోగంలో చేరాను. ఇల్లు విజయవాడలో బెంజ్ సర్కిల్‌కి దగ్గర్లో. ఆసుపత్రేమో పామర్రు దాటాక లోపలికి పోయే ఒక పల్లెలో. మొదట్లో బస్సులో వెళ్లేదాన్ని. కానీ గేదెలకి బస్సు టైములు తెలియవు కదా, అవి ఈనేటప్పుడు ఈనుతాయి. చివరికి నాన్న తన పాత కారు తాళాలు నా చేతిలో పెట్టారు. పెట్టేముందు ఊరంతా తిప్పించి, రివర్సులో రెండు సందులు దాటించి, క్లచ్చి మీద ఒక ఉపన్యాసం ఇచ్చారు. "ఆడపిల్లకి రోజూ బందరు రోడ్డు మీద అంత దూరం కారెందుకు బావా?" అని మా మామయ్య, అంటే అమ్మ తమ్ముడు, అప్పుడే అడ్డుపుల్ల వేశాడు. ఏ చిన్న గీత పడినా ఆ తాళాలు మళ్లీ గోడ మేకుకే పోతాయని నాకు తెలుసు. అందుకే పూలసజ్జ మోసుకెళ్తున్నట్టు నడిపేదాన్ని.

ఒకరోజు ఉయ్యూరు దగ్గర చెరుకు లోడు ట్రాక్టరు వెనక పోతుంటే, దాని టైరు కింద నుంచి ఒక కంకరరాయి ఎగిరొచ్చి అద్దానికి టప్పున తగిలింది. నా వైపు కాదు, ఎడమవైపు, పక్క సీటు ఎదురుగా. మినపగింజంత గుంట, దాని చుట్టూ సన్నటి గీతలు. అంతే. ఇంటికొచ్చి చెప్పగానే నాన్న భూతద్దం పట్టుకుని కిందికి దిగారు. నాకేమైనా దెబ్బ తగిలిందా అని అడుగుతారేమో అనుకున్నాను. "ట్రాక్టరుకి ఎంత దూరంలో ఉన్నావు?" అని అడిగారు. అమ్మ మాత్రం నా చెంపలు పట్టుకుని చూసి, దిష్టి తీసి, ఆ గుంట మీద సరిగ్గా కనకదుర్గమ్మ స్టిక్కరు అతికించింది.

మర్నాడు నాన్నా నేనూ సర్వీసు రోడ్డులో ఉన్న కారు అద్దాల షాపుకి వెళ్లాం. షాపాయన స్టిక్కరు పక్కకి తీసి (కళ్లకద్దుకునే తీశాడు) వేలితో తడిమి చూశాడు.

"చిన్న దెబ్బే సార్. ఇందులోకి రెజిన్ అని జిగురులాంటిది ఎక్కిస్తాం. గట్టిపడితే ఇక పగులు సాగదు. లేదూ, కొత్త అద్దమే కావాలంటే అదీ వేస్తాం. ఏదో ఒకటి ఇయ్యాళే చేపించుకుంటే మంచిది."

నా ప్రాణం లేచొచ్చింది. "జిగురే పెట్టెయ్యండి" అనబోతున్నాను.

"ఇవాళే అని ఎందుకంటున్నారు?" అన్నారు నాన్న.

"ఎండకి సాగిద్ది సార్."

"ఏ ఉష్ణోగ్రత దగ్గర?"

షాపాయన నా వంక చూశాడు. నేను రోడ్డు వంక చూశాను. ఆలోచించుకుని వస్తామని చెప్పి నాన్న నన్ను బయటికి తీసుకొచ్చారు. "అంత తొందరపెడుతున్నాడంటే ఏదో ఉందమ్మా" అన్నారు కారెక్కాక.

ఆ సాయంత్రం మామయ్య వచ్చాడు. ఆయనకి రంగుల కొట్టు ఉంది, ప్రపంచంలో ఉన్న సమస్త విషయాల మీదా ఒక అభిప్రాయమూ ఉంది. "జిగురేంది బావా, నీ మొహం! అద్దమంటే పన్ను లాంటిది. పుచ్చిపోయిందంటే పీకి పారేసి కొత్తది కట్టించుకోవాల" అన్నాడు. "పుచ్చిన ప్రతి పన్నూ పీకుతారటోయ్? సిమెంటు పెడతారు. నాకు పెట్టలా?" అని నాన్న నోరు తెరిచి చూపించారు. మామయ్య ఫోను లైటు వేసి మరీ చూసి, ఆ సిమెంటు కూడా ఊడేటట్టే ఉందన్నాడు. అక్కణ్ణుంచి మాట పళ్ల డాక్టర్ల మీదికి పోయింది, అక్కణ్ణుంచి మా తాతయ్య కట్టుడుపళ్ల మీదికి పోయింది. అద్దం సంగతి ఎవరికీ గుర్తులేదు. మధ్యలో నేను "రేపు పొద్దున నేను డ్యూటీకి పోవాలి" అంటే "ఉండమ్మా, పెద్దవాళ్లం మాట్లాడుతున్నాంగా" అన్నాడు మామయ్య.

మర్నాడు మామయ్య మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఈ విషయం పెట్టాడు. అద్దం ఫోటో కింద ఒక్కొక్కరూ తీర్పులివ్వడం మొదలెట్టారు. కారే లేని మా పిన్ని 'మార్చండి' అంది. మచిలీపట్నంలో ఉన్న పెదనాన్న 'కంపెనీ అద్దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ కదపొద్దు' అని రాసి, కింద రెండు గులాబీపూలు కూడా పెట్టారు. 'అమ్మాయి చేత కారు నడిపించొద్దు' అని కూడా ఎవరో అన్నారు. ఆ మాటకి చాలా బొటనవేళ్లు వచ్చాయి. ఫోను విసిరికొట్టాలనిపించింది. కానీ ఫోను అద్దం పగిలితే దానికీ ఇంతే చర్చ జరుగుతుందని భయపడి ఊరుకున్నాను.

ఈలోగా పగులు తన పని తాను చేసుకుపోతోంది. నాన్న దాన్ని శాస్త్రీయంగా పరిశీలించదలిచారు. రోజూ పొద్దున్నే ఎర్ర మార్కరుతో పగులు కొస దగ్గర ఒక గీత పెట్టేవారు. సాయంత్రం నేను తిరిగొచ్చేసరికి పగులు ఆ గీత దాటి పోయి ఉండేది. "చూశావా, నేను చెప్పినట్టే సాగుతోంది!" అని సంతోషించేవారు. సాగుతుందని చెప్పింది షాపాయన కదా అంటే వినిపించుకునేవారు కాదు. తర్వాత ఏసీ వెయ్యొద్దన్నారు. బయట ఎండ, లోపల చలి అయితే గాజు తట్టుకోలేదట. కిటికీలు దించుకుని పోతుంటే ఉయ్యూరు దగ్గర చెరుకు ఆకులూ, కంకిపాడు దగ్గర దుమ్మూ, అన్నీ నా జుట్టులోకే వచ్చేవి. ఆసుపత్రికి చేరేసరికి నన్ను చూసి గేదెలు మేతనుకుని మెడలు చాచేవి.

అలా చూస్తుండగానే పగులు, అమ్మ మళ్లీ అతికించిన దుర్గమ్మ స్టిక్కరుని దాటి, అద్దం మధ్యకొచ్చి, నా వైపు తిరిగింది. "ఇప్పుడింక జిగురు పనికిరాదేమో నాన్నా, మార్చేద్దాం" అన్నాను. నిజంగానే అద్దం మధ్య గీతలోంచి చూస్తే ఎదురొచ్చే బస్సు రెండు ముక్కలుగా కనిపిస్తోంది. "కంగారుపడకు. ఆదివారం కూర్చుని నిర్ణయిద్దాం" అన్నారు.

ఆదివారం దాకా ఆగలేదు వ్యవహారం. శుక్రవారం పొద్దున ఫోనొచ్చింది. మా ఆసుపత్రి ఊళ్లోనే ఒక పెద్దావిడ గేదె నొప్పులు పడుతోంది, దూడ అడ్డం తిరిగినట్టుంది, తెల్లవారుజాము నుంచీ కష్టపడుతోంది అన్నారు. ఆవిడకి ఉన్నది ఆ ఒక్క గేదే. నేను తాళాలు తీసుకుని పరిగెత్తి కారు తీసేసరికి నాన్న అటువైపు నుంచి ఎక్కి పక్క సీట్లో కూర్చున్నారు.

"మీరెందుకు నాన్నా?"

"ఆ అద్దంతో నిన్నొక్కదాన్నీ పంపిస్తానా? నువ్వు పోనియ్, నేను పట్టుకుంటా."

దేన్ని పట్టుకుంటారో నాకర్థమయ్యేలోపల ఆయన రెండు అరచేతులూ ఎత్తి అద్దానికి ఆనించారు, పగులుకి అటొకటి, ఇటొకటి. పగులు కొసన ఒత్తిడంతా పోగుపడుతుందట, లోపల్నుంచి సమంగా నొక్కిపెడితే సాగదట. వాదించే తీరిక నాకు లేదు. అక్కడ గేదె ఉంది. బండి తీశాను.

ఆ ప్రయాణం ఎలా సాగిందో చెప్పడం నా వల్ల కాదు గానీ ప్రయత్నిస్తాను. బయట ఉన్నవాళ్లకి నాన్న అరచేతులు తెలియవు, పగులు తెలియదు. వాళ్లకి కనిపించేదల్లా తెల్లచొక్కా, తెల్లజుట్టు ఉన్న ఒక పెద్దమనిషి రెండు చేతులూ ఎత్తి లోకాన్ని దీవిస్తూ పోతున్నట్టు. పెనమలూరు దగ్గర స్కూలు పిల్లలు టాటా చెప్పారు. కంకిపాడు దగ్గర ఆటోలో ఒక ముసలమ్మ రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టింది. ఉయ్యూరులో ట్రాఫిక్ కానిస్టేబుల్ ఆపమంటున్నారేమోనని తికమకపడి, తను ఆపిన ట్రాక్టర్ని వదిలేసి మమ్మల్ని ముందు పొమ్మన్నాడు. నాన్న వీటన్నిటికీ చేతులు తియ్యకుండా తలొక్కటే ఊపుతూ సమాధానం చెప్తున్నారు. మధ్యలో స్పీడు బ్రేకరొస్తే "మెల్లిగా... మెల్లిగా... తల్లీ, మెల్లిగా!" అని నన్నో అద్దాన్నో తెలియకుండా బతిమాలుతున్నారు. నాకు నవ్వు రాలేదు. చెప్పొద్దూ, ఏడుపొచ్చింది.

పామర్రు దాటి ఊళ్లోకి పోయేసరికి పాక చుట్టూ జనం. పెద్దావిడ గేదె మెడ నిమురుతూ "ప్రభువా, నువ్వే దిక్కు ప్రభువా" అంటోంది. చెయ్యి పెట్టి చూశాను. అడ్డం తిరగలేదు గానీ, దూడ ముందు కాలొకటి లోపలికి మడత పడి ఉంది. దూడని వెనక్కి నెట్టి, ఆ కాలు సరిచేసి, తాళ్లు కట్టి లాగాలి. లాగడానికి మనుషులు కావాలంటే అందరికంటే ముందు నాన్న పంచె ఎగ్గట్టి వచ్చారు. ఇందాకటి నుంచీ పట్టుకుని పట్టుకుని ఆయన చేతులు తిమ్మిరెక్కి ఉన్నాయి. అయినా తాడందుకున్నారు.

"గేదె ముక్కినప్పుడే లాగాలి నాన్నా. ఊరికే లాగొద్దు."

"తెలుసమ్మా. బలం, దిశ" అన్నారు ఆయాసపడుతూ. ఆ తర్వాత ఇంక సూత్రాలేమీ చెప్పలేదు. నా ముఖమే చూస్తూ నేను 'ఊ' అంటే లాగారు, 'ఆగండి' అంటే ఆగారు. పుట్టి బుద్ధెరిగాక నేను చెప్పిన మాట ఆయన ప్రశ్న వెయ్యకుండా వినడం అదే మొదలు.

దూడ బయటపడింది. పెయ్యదూడ. ముక్కులో గడ్డిపరక పెట్టి తిప్పితే తుమ్మింది. పెద్దావిడ ఏడుస్తూ, నవ్వుతూ నా చేతులు పట్టుకోబోయి, వాటికున్నదంతా చూసి, నాన్న చేతులు పట్టుకోబోయి, వాటికీ అదే ఉంటే, చివరికి దండం పెట్టింది.

కడుక్కుని కారు దగ్గరికొచ్చాం. తొందర్లో కారు కిటికీలు బిగించి ఎండలో వదిలేసి పోయాను కదా, అద్దం ఈ చివర నుంచి ఆ చివరకి పగిలి ఉంది. నాన్న అటు వెళ్లి చూశారు, ఇటు వచ్చి చూశారు. మా వెనకే వచ్చిన ఊళ్లోవాళ్లు కూడా అటు వెళ్లి చూశారు, ఇటు వచ్చి చూశారు.

"ఒకందుకు మంచిదేనమ్మా. ఇంక సాగడానికి దానికి చోటు లేదు. కొన్నాళ్లు ఇట్లాగే నడపొచ్చు" అన్నారు.

నాలో ఏదో తెగింది. "నాన్నా! కారెక్కండి" అన్నాను. నడిరోడ్డు మీద, నలుగురి ముందూ. "చేతులు ఒళ్లో పెట్టుకోండి. బెంజ్ సర్కిల్ దాకా మీరు ఒక్క మాట కూడా మాట్లాడొద్దు. నడిపేది నేను, దీంట్లోంచి చూడాల్సింది నేను. అద్దం మారుస్తున్నాం. ఇవాళే."

నాన్న కారెక్కి బుద్ధిగా చేతులు ఒళ్లో పెట్టుకున్నారు. మెల్లగా, జాగ్రత్తగా నడుపుకుంటూ తిన్నగా షాపుకే తీసుకొచ్చాను. షాపాయన అద్దాన్ని చూసి, మమ్మల్ని చూసి, "మొన్నే చేపించుంటే జిగురుతో పోయేది కదండీ" అన్నాడు.

"నేను మొదట్నించీ చెప్తున్నది అదేనండీ, ఇంట్లో ఎవరైనా వింటేనా!" అన్నారు నాన్న.

నేను షాపు బయటికొచ్చి ఒక చెరుకురసం తాగి, మళ్లీ లోపలికెళ్లాను. లేకపోతే ఏమనేదాన్నో. సాయంత్రం మామయ్య ఫోను చేసి "నేను చెప్పలా, పీకేయాలని?" అన్నాడు. వాట్సాప్ గ్రూపులో పెదనాన్న సంతాపం తెలిపారు. తాళాలు మాత్రం మేకుకి పోలేదు. మర్నాడు పొద్దున నాన్నే తెచ్చి నా టిఫిను బాక్సు పక్కన పెట్టారు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. కానీ వారం తిరిగేసరికి ఆ చుట్టుపక్కల ఊళ్లన్నిటిలో నా పేరు మారిపోయింది. గేదె కడుపులో భుజం దాకా చెయ్యి పెట్టి దూడని తీసింది నేను. అయినా జనానికి గుర్తున్నది విజయవాడ నుంచి అద్దం పట్టుకుని వచ్చిన మాస్టారు. "అద్దం మాస్టారి అమ్మాయి వచ్చిందిరోయ్, గేదెని కట్టెయ్యండి" అనేవాళ్లు. ఆ మాట వింటే ఒళ్లు మండిపోయేది. కష్టపడి చదివిన చదువు, మెడలో ఉన్న స్టెతస్కోపు, ఆసుపత్రి బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసిన నా పేరు, ఏవీ దానిముందు నిలవలేదు. నా పేరు ఇదీ అని ఒకసారి ఒక రైతుకి గట్టిగా చెప్పాను కూడా. "అట్లాగేనండీ" అని, వెనక్కి తిరిగి, "ఒరేయ్, అద్దం మాస్టారి అమ్మాయిగారికి కుర్చీ తేండ్రా" అన్నాడు.

తర్వాత బదిలీలయ్యాయి, ఊళ్లు మారాయి. ఇప్పుడు నా ఉద్యోగం ఎక్కువగా కుర్చీలోనే. మొన్నీమధ్య మా స్నేహితురాలికి మంచి పాడిగేదె కావాలంటే ఆ ఊరి పెద్దావిడ ఇంటికే ఫోను చేశాను. వాళ్లబ్బాయి తీశాడు. నా పేరు చెప్పాను. ఆనవాలు పట్టలేదు. మీ ఊరి ఆసుపత్రిలో డాక్టరుగా చేశానన్నాను. "చానామంది చేశారు కదండీ, ఎవరో గుర్తు రావట్లేదు" అన్నాడు. కాసేపు తటపటాయించాను. ఆ పేరు వదిలించుకోవడానికి అంత అవస్థపడిన కుర్ర డాక్టరు, జుట్టు నిండా చెరుకు ఆకులతో, కోపంగా నా కళ్లముందు నిలబడింది. పాపం అనిపించింది, నవ్వూ వచ్చింది.

"అద్దం మాస్టారి అమ్మాయినండీ" అన్నాను.

"ఓర్నీ! అట్లా చెప్పరేందండీ ముందే!" అని అరిచాడు. "అమ్మా, అద్దం మాస్టారి అమ్మాయంట! మాస్టారు బాగున్నారా అండీ? మా అమ్మ అడుగుతోంది, చేతులెట్లా ఉన్నాయని."

పక్కనే కూర్చుని ఫోను స్పీకర్లో అంతా వింటున్న నాన్న, చదువుతున్న పేపరు దించి అరచేతులు రెండూ ఒకసారి తిప్పి చూసుకున్నారు.

"బాగానే ఉన్నాయని చెప్పు" అన్నారు.