అన్నకు పెట్టని అన్నం

మొన్న పొద్దున అమీర్‌పేట మెట్రో మెట్లు దిగుతుంటే ఫోన్ మోగింది. మధురానగర్‌లో మా మేనత్త అద్దెకుండే ఇంటి ఓనరమ్మ. "మీ అత్తమ్మ తలుపు తీస్తలేదమ్మా. పాల ప్యాకెట్ బయటనే ఉన్నది. జర జల్ది రా" అంది. నా దగ్గరున్న తాళంచెవితో తలుపు తీశాను. మంచం మీద ఒక పక్కకు ఒత్తిగిలి ఉంది. నిద్రలోనే గుండె ఆగిందన్నాడు డాక్టరు.

సమాధుల తోటలో పాస్టర్ గారు ఆమెను ప్రభువుకు ప్రియమైన సహోదరి అన్నారు, పెద్ద శాస్త్రవేత్త అన్నారు. రెండూ నిజమే. మా ఇంట్లో మాత్రం చాలా ఏళ్లుగా ఆమె గురించి వినబడే మాట వేరు: అన్నకు అన్నం పెట్టని చెల్లె. ఆ మాట ఎలా పుట్టిందో చెప్పకుండా ఆమె గురించి ఏం చెప్పినా సగమే అవుతుంది.

మా డాడీకి మైత్రీవనం వెనక జిరాక్స్ షాపు ఉండేది. కోచింగ్ పిల్లల నోట్సులు బైండింగ్ చేస్తూ రోజంతా నిలబడే ఉండేవాడు. నేను స్కూల్లో ఉండగానే ఆయనకు షుగర్ వచ్చింది. మేనత్త ఆయనకు ఒక్కతే చెల్లెలు, పెళ్లి చేసుకోలేదు. ఊరవతల ఒక పరిశోధన సంస్థలో వరి జన్యువుల మీద పని చేసేది. పొద్దున్నే పంజాగుట్ట చౌరస్తాలో సంస్థ బస్సు ఎక్కితే మళ్లీ చీకటి పడ్డాకే రావడం. పెళ్లి విందుల్లో అందరూ కూర రుచి చూస్తుంటే ఆమె ముందుగా ఒక మెతుకు తీసి వేళ్ల మధ్య నలిపేది. "గింత మెత్తగుంటే నాల్కకు మంచిదే, నెత్తురుకే మంచిది కాదు" అనేది.

ఒక ఆదివారం చర్చి నుంచి మా ఇంటికొచ్చి, డాడీని కూచోబెట్టి తన పనేమిటో చెప్పింది. "బియ్యంల పిండి గొలుసుల లెక్క ఉంటదన్నా. కొన్ని గొలుసులకు చెట్టుకున్నట్టు కొమ్మలుంటయ్. అవి కడుపులకు పోంగనే విడిపోయి చక్కెరైతయ్. కొన్ని పొడుగ్గ, బిగుసుకొని ఉంటయ్. జల్ది విడిపోవు. మేం ఆ కొమ్మలు పెట్టే జన్యువును బంద్ చేసినం."

"అంటే నేను కడుపునిండ తినొచ్చునా?"

"ఎలుకలకు పెట్టి చూసినం. వాటికైతే షుగర్ తక్కువ పెరిగింది."

మర్నాడు షాపుకొచ్చిన ప్రతివాళ్లకూ చెప్పాడు డాడీ, మా చెల్లె షుగరోళ్ల కోసం బియ్యం చేస్తుందని. ఆ తర్వాత అడగడం మొదలుపెట్టాడు. మొదట నవ్వుతూ అడిగాడు. కాలి బొటనవేలు నల్లబడ్డాక నవ్వు పోయింది.

"ఒక్క గిన్నెడు తే చెల్లె."

"అది తిననీకి కాదన్నా. ఒక్క గింజ సుత బయటికి తేవద్దు. రూల్ ఉన్నది."

"నీ అన్న కన్న రూల్ ఎక్కువనా?"

"రూల్ ఒక్కటే కాదు. మనిషి తింటే ఏమైతదో ఇంకా ఎవ్వరికి తెల్వదు. నాకు తెల్వనిది నీ కంచంల ఎట్ల పెట్టాలె?"

"ఎలుకలకు పెట్టినవ్. నాకు పెట్టవా?"

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆమె అన్నం ముట్టలేదు. అమ్మ వడ్డించబోతే "రొట్టె చాలు వదినా" అనేది. డాడీ మాత్రం పంతం పట్టాడు. షాపు పక్క మెస్సులో రోజూ ప్లేటు నిండా తినొచ్చేవాడు. "నువ్వు పెట్టకపోతే మెస్సోడు పెడ్తడు" అని ఆమె ముఖం మీదే అన్నాడు.

ముందు వేలు తీశారు, తర్వాత మోకాలి కింద కాలు తీశారు. ఆమె రోజూ సంస్థ బస్సు దిగి నేరుగా వచ్చి కట్టు మార్చేది. ఆయన గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఆమె ఆయన వీపుతోనే మాట్లాడేది. "ఈసారి గింజ సున్నం లెక్క తెల్లగొచ్చిందన్నా. బరువు తక్కువొచ్చింది. ఇంకా పనున్నది." పక్కన నిలబడ్డ నాతో, "గాయం చూసి ముఖం తిప్పొద్దు బిడ్డా. చూస్తనే ఉంటె అది ఎటు పోతున్నదో తెలుస్తది" అనేది. కట్టు కట్టడం నాకు నేర్పింది ఆమే.

కిడ్నీలు చెడి ఆస్పత్రిలో చేరాక డాడీ ఇంకోసారి అడిగాడు. "ఇప్పుడన్న తెస్తవా?" ఆమె ఆయన చెయ్యి పట్టుకొని "లేదన్నా" అంది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మళ్లీ ఆమెతో మాట్లాడకుండానే పోయాడు. శవపేటిక పక్కన మా అమ్మ అందరి ముందూ ఆమెను అంది, "నీ బియ్యం ఎలుకలకైన దక్కినయ్ పో" అని. మేనత్త నిలబడి విన్నది. మరుసటి ఆదివారం కూడా మా ఇంటికొచ్చింది. అమ్మ లోపలి గదిలోంచి బయటికి రాలేదు. మొన్న మేనత్తను సాగనంపడానికి సమాధుల తోటకు వచ్చింది గానీ చివరిదాకా ఆటో దిగలేదు.

డాడీ పోయిన తర్వాతి ఎండాకాలంలో ఆ పని మొత్తం ఆగిపోయింది. బయట పొలంలో పండించి చూడడానికి అనుమతి రాలేదు. ఇక చాలన్నారు పైవాళ్లు. మిగిలిన గింజలు ఎక్కడా మొలకెత్తకుండా ముందు ఆవిరిలో చంపాలి, ఆ తర్వాత కాల్చెయ్యాలి. తన పుస్తకాలు ఇంటికి చేర్చడానికి మేనత్త సాయం రమ్మంటే సంస్థకు వెళ్లాను. వేరేవాళ్లకు అప్పజెప్పకుండా ఆమే గింజల సంచుల్లో నీళ్లు పోసి, పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటి యంత్రంలో పేర్చి, మూత బిగించింది.

దాని ముందు నిలబడి అడిగాను. "అత్తమ్మా, ఇవి తింటే డాడీ బతికేటోడా?"

"తెల్వదు బిడ్డా" అంది. "బతకకపోతుండె అంటె నీకు నిమ్మళం, నాకు సుత నిమ్మళం. కానీ తెల్వదు. తెలుసుకునే లోపల్నే బంద్ పెట్టిండ్రు."

నా నెత్తుట్లోనూ ఇప్పుడు షుగర్ ఉంది. చాలామంది చాలా ధైర్యాలు చెప్తుంటారు. ఆమె మాత్రం ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు, తనను తాను కాపాడుకోవడానికి కూడా. నేను ఆమెకు దండం పెట్టుకునేది అందుకే.

ఆ రోజు కాసేపటికి యంత్రం ఆగింది. ఆమె మూత తీసింది. గది నిండా అప్పుడే ఉడికిన అన్నం వాసన. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. తోపుడు బండితో వచ్చిన పనాయన గుమ్మంలో ఆగి, "కాల్చనీకి తీస్కపోవాల్నా మేడం?" అన్నాడు.

"జర ఆగన్నా" అంది మేనత్త. "వేడిగున్నది. చల్లారనియ్యి."

ఆవిరి తగ్గేదాకా ముగ్గురం ఆ సంచుల చుట్టూ నిలబడ్డాం.