తెరలక్క చూసే చోటు

మానిటర్లు అమ్మేవాళ్లు ఎక్కడైనా కొనేవాళ్ల పక్కనే నిలబడతారు. ఈ నలుపు చూడండి, ఈ వేగం చూడండి అని తెరమీద వేలు పెట్టి ఊదరగొడతారు. తెరలక్క అలా కాదు. మానిటరు వెనక్కి వెళ్లి, బల్లకి అవతల నిలబడి, కూర్చున్నవాళ్ల మొహం చూస్తుంది. తెరమీద ఏం నడుస్తోందో అక్కడినుంచి ఆవిడకి కనబడదు. చూసేవాళ్ల కళ్లు కనబడితే చాలంటుంది.

ఇది వాళ్ల నాన్న దగ్గర అబ్బిన అలవాటు. ఆయన పాతకాలం డబ్బా టీవీలు బాగుచేసేవాడు. వెనక మూత విప్పి స్క్రూ తిప్పుతుంటే ముందు బొమ్మ ఎలా మారుతోందో తెలియాలి కదా. అందుకని టీవీకి ఎదురుగా ఎనిమిదేళ్ల కూతురి చేతికి అద్దమిచ్చి నిలబెట్టేవాడు. తను వెనకనుంచి తల పక్కకి వంచి అద్దంలో బొమ్మ చూసుకునేవాడు. అద్దం బరువు. చేతులు లాగేస్తుంటే ఆ పిల్ల బొమ్మనేం చూస్తుంది? నాన్న మొహమే చూసేది. ఆ మొహం విప్పారిందంటే బొమ్మ కుదిరినట్టు, ఇక అద్దం దించేయొచ్చు.

ఇప్పుడావిడకి యాభై దాటాయి. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనబడదు. కుట్టుమిషన్ల కొట్టుకీ తాళాల కొట్టుకీ మధ్య ఇరుకు దుకాణం. రెండు బల్లలు, ఎత్తు మార్చుకునే కుర్చీ ఒకటి. ఎవరొచ్చినా ఒకటే మాట: "మీ పని తెచ్చుకోండి. అరగంట ఇక్కడే చేసుకోండి. తర్వాత మాట్లాడదాం." తొందరున్నవాళ్లు విసుక్కుని వెళ్లిపోతారు. వెళ్తే వెళ్లనీ అంటుంది. నోరు కొంచెం దురుసే.

ఓసారి కోర్టు కాగితాలు టైపు చేసే ఆయన, ఉన్నవాటిలోకెల్లా పెద్ద వంపు తెర కావాలని పట్టుబట్టాడు. అరగంట చూసి ఆవిడ అడిగింది, "మీ ఇంట్లో బల్ల వెడల్పెంత?"

"మూరెడుంటుంది."

"మూరెడు దూరంలో ఇది పెట్టుకుంటే లైను మొదటినుంచి చివరికి మెడ తిప్పుకుంటూ పోవాలి. ఇప్పుడు తిప్పుతున్నారుగా! మీకు తెర కావాలా, మెడనొప్పి కావాలా?" అని చిన్నది చేతిలో పెట్టి పంపింది. ఆయన అలిగాడు. ఆర్నెల్లకి తమ్ముణ్ణి తీసుకొచ్చాడు.

పదకొండేళ్లలో ఆ దుకాణంనుంచి వెళ్లిన మానిటరు ఒక్కటీ వెనక్కి రాలేదు. ఆవిడ గొప్ప చెప్పుకునేది అదొక్కటే.

అలాంటావిడ ఒక్కసారి పప్పులో కాలేసింది. దుకాణానికి రంగులు వేయిస్తున్న రోజు అది. సామానంతా దుప్పట్ల కింద ఉంది. మందుల గోదాములో పనిచేసే గుమాస్తా ఫోన్ చేశాడు. వారంలో సగం రోజులు ఇంట్లోంచే ఆఫీసు పని, సాయంత్రం భార్యతో కలిసి చిన్న ఆట, రెండింటికీ ఏది బావుంటుందని అడిగాడు. తెరలక్క ఆలోచించకుండానే చెప్పేసింది. ఇరవై నాలుగు అంగుళాలది, వెలుగు పడితే మెరవనిది, ఎత్తు జరుపుకోవచ్చు, ఆటకి కావలసిన వేగం ఉంది. ఆ సాయంత్రమే పంపించేసింది.

మూడు వారాలకి ఆ గుమాస్తా అట్టపెట్టె మోసుకుంటూ వచ్చాడు. వెనకాల వైర్ల సంచీతో అతని భార్య.

"రంగులు సరిగ్గా రావట్లేదక్కా," అన్నాడు.

తెరలక్క మొహం మాడిపోయింది. పదకొండేళ్ల పేరు కళ్లముందే అట్టపెట్టెలో పెట్టుకుని వచ్చాడు మరి. "కూర్చో తమ్ముడూ. అసలేమైందో చెప్పు," అంది.

చెప్పాడు. గోదాము జాబితాలో ప్రతి మందు వరసలోనూ ఇదివరకు 'పంపు' అనో 'ఆపు' అనో మాట ఉండేది. ఈమధ్యే ప్రోగ్రాం మార్చారు. మాట తీసేసి చిన్న చుక్క పెట్టారు. గడువు దాటిన మందుకి ఎర్రది, పంపొచ్చంటే ఆకుపచ్చది. సరిగ్గా ఆ వారమే కొత్త మానిటరు ఇంటికొచ్చింది. అప్పట్నుంచి రెండుసార్లు ఎర్ర చుక్క ఉన్న పెట్టెలకి అనుమతి ఇచ్చేశాడు. రెండుసార్లూ గేటు దగ్గర తనిఖీలో పట్టుకున్నారు. మూడోసారి జరిగితే ఇంటికి పంపించేస్తానని ఆఫీసరు చెప్పేశాడు.

"ఉద్యోగం ఒక్కటే కాదక్కా. జనం మింగే మందులు. గేటు దగ్గర కూడా చూసుకోకపోతే?" అన్నాడు.

తెరలక్క పెట్టె విప్పి మానిటరు బల్లమీద పెట్టింది. అతను ల్యాప్‌టాప్ తగిలించి గోదాము వరసలు తెరిచాడు. ఆవిడ వెనక నిలబడింది. మాటలు చదివేటప్పుడు అతని కళ్లు హాయిగా జారిపోతున్నాయి. చుక్క రాగానే ముందుకి వంగుతున్నాడు. వైరు మార్చింది. వెలుగు పెంచింది, తగ్గించింది. వేరే మానిటరు పెట్టింది. ఆఖరికి దుకాణంలోకెల్లా ఖరీదైనది దింపింది. ప్రతిదానికీ "కొంచెం నయం" అంటున్నాడేగానీ ముందుకి వంగడం మానలేదు.

"పోనీ ఈ ఖరీదైనదే ఇచ్చెయ్యక్కా. అలవాటైతే సరిపోతుందేమో," అన్నాడు.

ఇంకొకరైతే ఎగిరి గంతేసి ఇచ్చేద్దురు. తెరలక్క తల అడ్డంగా ఊపింది. "పని చూశాను. ఆట చూడలేదు. ఇద్దరూ కూర్చుని ఆడండి."

అది రంగు గోళీల ఆట. వంతులవారీగా ఒక్కో గోళీ జరపాలి. ఒకే రంగువి మూడు పక్కపక్కన చేరితే పేలిపోతాయి. మొగుడూ పెళ్లాం ఒక స్టూలూ ఒక కుర్చీ సర్దుకుని కూర్చున్నారు. ఆమె చూపు టక్కున గోళీ మీద వాలుతోంది. అతని చూపు ఊరంతా తిరుగుతోంది. అక్కడా ఇక్కడా ఆగి, చివరికి భార్య ఎటు చూస్తోందోనని ఆమె మొహంలోకి దొంగచూపు చూసి, అప్పుడు చెయ్యి కదుపుతున్నాడు.

"ఎప్పుడూ మా మరదలేనా గెలిచేది?" అంది తెరలక్క.

"పెళ్లైన దగ్గర్నుంచీ నేనే వదినా!" ఆమె మురిసిపోయింది. "కావాలనే ఓడిపోతారు. పైకి చెప్పరుగానీ, నేనంటే అంత ఇది."

అతను తెల్లబోయాడు. "నేనెప్పుడు కావాలని ఓడిపోయానే? నువ్వే బాగా ఆడతావనుకుంటున్నా."

తెరలక్క లోపలికెళ్లి నాన్న సొరుగులోంచి రంగు దిగిపోయిన రెండు పాత వైరు ముక్కలు తెచ్చింది. "ఎర్రది ఇలా ఇవ్వు," అంది. అతను రెండూ తీసుకుని గుమ్మం దగ్గరి వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసి, ఒకటి ఆవిడ చేతిలో పెట్టాడు. అది పచ్చది. అతని భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నా కళ్లు పోతున్నాయా అక్కా?"

"పోవట్లేదు. కొందరికి పుట్టుకతోనే ఈ రెండు రంగులూ కలిసిపోతాయని విన్నాను. కానీ నేను డాక్టర్ని కాను. రేపే కంటి డాక్టరు దగ్గరికెళ్లు. నిజమైతే కాగితం రాయించుకుని మీ ఆఫీసరుకి చూపించు. చుక్క పక్కన మళ్లీ మాట రాయమను."

"చూపిస్తే ఈ పనికి పనికిరావని తీసేస్తారేమో."

"చూపించకపోతే?"

గేటు అవతలికి వెళ్లే మందు పెట్టెలు ముగ్గురి కళ్లలోనూ మెదిలాయి.

"నీ చుక్కలు చూపించే తెర నా దగ్గర లేదు తమ్ముడూ. ఏ కొట్లోనూ లేదు. నువ్వు తీసుకెళ్లింది మంచిదే, అదే వాడుకో. ఆ ఆటలో వెతుకు, గోళీల మీద రంగుకో గుర్తు వేసే ఏర్పాటు ఎక్కడో ఉంటుంది." ఆవిడ గొంతు తగ్గింది. "ఆ రోజు నిన్ను ఫోన్లో సాగనంపకుండా ఇక్కడ కూర్చోబెట్టి ఉంటే ఆ రెండు తప్పులూ జరిగేవి కావు. అందులో నా తప్పూ ఉంది."

బేరం తన చేతిలోకి వచ్చి పడుతుంటే వదిలేసి, పైగా తప్పు నాదనే మనుషులు ఎంతమంది ఉంటారు? గుమాస్తా ఆ రోజు ఆవిడ వంక అలా చూస్తూ ఉండిపోయాడట. అతని ధైర్యమూ తక్కువదేం కాదు. కంటి డాక్టరు అవునని రాసిచ్చిన కాగితం ఉద్యోగం ఊడగొడుతుందేమో అనుకుంటూనే, దాన్ని జేబులో పెట్టుకుని ఆఫీసరు గదిలోకి వెళ్లాడు.

పది రోజులు తెరలక్క ఫోను మోగినప్పుడల్లా ఉలిక్కిపడింది. పదకొండో రోజు వాళ్లిద్దరూ ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చారు. ముందు భార్య.

"నా కొంప ముంచావు వదినా! ఆ గుర్తులేవో పెట్టినప్పట్నుంచీ వరసగా ఏడు ఆటలు ఓడిపోయాను. ఇన్నేళ్లూ నాకోసం ఓడిపోతున్నారని ఎంత సంబరపడ్డానో, అంతా ఉత్తిదే!" అంటూ నవ్వింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"ముందు ఉద్యోగం సంగతి చెప్పండి," అంది తెరలక్క.

"ఉంది," అన్నాడతను. "ఆఫీసరు కాగితం రెండుసార్లు చదివాడు. మర్నాడే చుక్క పక్కన మాట రాయించాడు. ఆ సాయంత్రం సరుకెక్కించే పెద్దాయన నా బల్ల దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకున్నాడక్కా. కొత్త ప్రోగ్రాం వచ్చినప్పట్నుంచీ చుక్క రంగు తెలియక ఆయన కూడా పక్కవాణ్ణి అడిగే ఎక్కిస్తున్నాడట. చెప్పుకోడానికి భయపడ్డాడట."

తెరలక్క కుర్చీ లాగింది. "కూర్చోండి. ఎనిమిదో ఆట నాముందు ఆడండి."

ఆడారు. ఆవిడ ఎప్పటిలాగే వెనక నిలబడింది. అతను ఇప్పుడు ముందుకి వంగట్లేదు. కళ్లు హాయిగా జారుతున్నాయి. ఆట చివరికొచ్చింది, అతని వంతు. అతని చూపు తిన్నగా వెళ్లి ఒకచోట వాలి ఆగింది. దొరికిందని మొహం చెబుతోంది. అంతలో పక్కనున్న భార్య వంక ఒక్కసారి చూసి, చూపు ఆగినచోటు వదిలేసి, చెయ్యి మరో వైపు జరిపాడు.

"గెలిచా!" అని ఆమె చప్పట్లు కొట్టింది. "చూశావా వదినా? ఈసారి గుర్తులు కనబడుతుండగానే గెలిచాను!"

తెరలక్కకి తెర కనబడలేదు. ఆవిడ చూసింది అతని మొహం ఒక్కటే.

"చూశానమ్మా," అంది.